అక్టోబర్ అంకె, మార్చి జ్ఞాపకం

(2025 అక్టోబర్ చివర్లో నార్త్ కరోలినాలోని మోరిస్‌విల్‌లో తెలుగువారి సమావేశంలో చేసిన ప్రసంగానికి అక్షర రూపం)

సభలోని పెద్దలకు, మిత్రులకు నమస్కారం.

ఈ నెల మధ్యలో అసోసియేటెడ్ ప్రెస్ వార్తాసంస్థ వాళ్ల ప్రీసీజన్ ర్యాంకులు వచ్చాయి. పురుషుల కాలేజీ బాస్కెట్‌బాల్‌లో ఈసారి మొదటి స్థానం పర్‌డ్యూది. సీజన్‌కి ముందు పర్‌డ్యూ మొదటి స్థానంలో నిలవడం ఆ విశ్వవిద్యాలయ చరిత్రలోనే ఇది తొలిసారి. దాని వెనక హ్యూస్టన్, ఫ్లోరిడా, కనెక్టికట్, సెయింట్ జాన్స్ ఉన్నాయి. మనకు అరగంట దూరంలో ఉన్న మూడు జట్ల సంగతి చూస్తే, డ్యూక్‌ది ఆరో స్థానం. చాపెల్ హిల్ జట్టుది, అంటే యూనివర్సిటీ ఆఫ్ నార్త్ కరోలినాది, ఇరవై ఐదో స్థానం, అంటే పట్టికలో ఆఖరిది. రాలీలోని ఎన్‌సీ స్టేట్ పేరు పట్టికలోనే లేదు. ఆ రోజు నుంచి కిరాణా కొట్టు దగ్గరా, పిల్లల్ని ప్రాక్టీసుకు దింపే చోటా, గుడి పార్కింగులోనూ నాకు వినపడుతున్న మాట ఒక్కటే. "ఇరవై ఐదా? ఆ కోచ్‌ని ఇంకా ఎందుకండీ ఉంచారు?"

ఈ సాయంత్రం ఆ ప్రశ్న గురించే మాట్లాడతాను. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. అక్టోబర్‌లో వచ్చే ఆ అంకెలో రాబోయే సీజన్ కన్నా గడిచిన మార్చి నెలే ఎక్కువగా ఉంటుంది. జట్ల గురించి కొంత తెలుసుకోవడానికి అది పనికొస్తుంది. కోచ్‌ని తూచడానికి అదే తూనికరాయిగా వాడితే మాత్రం అన్యాయం జరుగుతుంది. మన చుట్టుపక్కలే జరిగింది కూడా.

పిల్లల దగ్గరికని హైదరాబాద్ నుంచి, విజయవాడ నుంచి వచ్చిన పెద్దవాళ్లు ఈ సభలో ఉన్నారు. వాళ్ల కోసం రెండు ముక్కల్లో ఆట ఏర్పాటు చెప్తాను. అమెరికా కాలేజీ బాస్కెట్‌బాల్‌లో పై స్థాయిని డివిజన్ 1 అంటారు. అందులో 360కి పైగా జట్లున్నాయి. నవంబర్ మొదట్లో ఆటలు మొదలై, ఒక్కో జట్టు మార్చి వరకు ముప్పైకి పైగా ఆటలు ఆడుతుంది. తర్వాత 68 జట్లకు జాతీయ టోర్నమెంట్. అందులో ఒక్క ఓటమి పడితే ఇంటికే. నాలుగు విభాగాలు చేసి ఒక్కో దాంట్లో ఒకటి నుంచి పదహారు దాకా సీడ్లు ఇస్తారు, ఒకటి అంటే అన్నిటికన్నా బలమైన జట్టని. మన మూడు జట్లూ ఏసీసీ అనే కాన్ఫరెన్స్‌లో, అంటే కొన్ని విశ్వవిద్యాలయాల కూటమిలో, ఆడతాయి. ఈ మాత్రం తెలిస్తే చాలు.

ఇక ర్యాంకు. ర్యాంకు అంటే మన ఇళ్లలో చెప్పాల్సిన పని లేదు, ఎంసెట్ రోజుల నుంచీ దాంతోనే బతికాం. కానీ ఎంసెట్ ర్యాంకు పరీక్ష రాశాక వస్తుంది. ఇది పరీక్షకు ముందే వచ్చే ర్యాంకు. దేశం నలుమూలల నుంచి అరవై మందికి పైగా పత్రికా విలేఖరులు, వ్యాఖ్యాతలు తలా ఒక పాతిక జట్ల వరస రాసి పంపుతారు. మొదటి పేరుకి 25 పాయింట్లు, రెండో పేరుకి 24, అలా దిగుతూ ఆఖరి పేరుకి ఒకటి. అన్నీ కూడితే పట్టిక తయారు. బాస్కెట్‌బాల్‌కి ఈ పోల్ 1949 జనవరి నుంచి ఉంది. సీజన్‌కి ముందే ర్యాంకులివ్వడం 1961-62లో మొదలైంది. ఓటు వేసేటప్పటికి ఆ జట్లలో ఏదీ ఒక్క ఆట ఆడి ఉండదు. మరి దేన్ని చూసి వేస్తారు? నిరుటి ఆటగాళ్లలో ఎవరు తిరిగి వచ్చారో చూస్తారు. హైస్కూలు నుంచి ఎవరు చేరారో, వేరే కాలేజీల నుంచి ఎవరు మారి వచ్చారో చూస్తారు. కోచ్ పేరు చూస్తారు. వీటన్నిటి కన్నా ఎక్కువగా, నిరుడు ఆ జట్టుని ఆఖరిసారి ఎక్కడ చూశామన్నది మనసులో పనిచేస్తుంది.

దీనికి చాపెల్ హిల్‌ని మించిన ఉదాహరణ నాకు కనపడదు. 2021 ఏప్రిల్‌లో అక్కడి హెడ్ కోచ్ రాయ్ విలియమ్స్ రిటైరయ్యారు. ఆయన దగ్గర తొమ్మిదేళ్లు అసిస్టెంటుగా చేసిన హ్యూబర్ట్ డేవిస్‌కి ఆ కుర్చీ ఇచ్చారు. డేవిస్ ఆ విశ్వవిద్యాలయంలోనే పాత కోచ్ డీన్ స్మిత్ దగ్గర ఆడినవాడు. ఎన్‌బీఏలో పన్నెండేళ్లు ఉన్నాడు. ఆ పురుషుల జట్టుకి మొట్టమొదటి నల్లజాతి హెడ్ కోచ్. అంతకుముందు మాత్రం ఎక్కడా హెడ్ కోచ్‌గా చేసింది లేదు. అందుకని ఆ అక్టోబర్‌లో జట్టుకి పంతొమ్మిదో స్థానం ఇచ్చారు. కొత్త కోచ్ కదా, చూద్దాం అన్నట్టు.

2022 ఫిబ్రవరి 16న ఆ జట్టు సొంత గడ్డ మీద పిట్స్‌బర్గ్ చేతిలో ఓడింది. ఆ రాత్రికి టోర్నమెంట్‌లో చోటు దొరుకుతుందో లేదో తెలియని పరిస్థితి. మూడు వారాలు తిరక్కముందే, మార్చి 5న డర్హమ్‌లో డ్యూక్ కోచ్ మైక్ షిషెఫ్‌స్కీ ఆఖరి హోమ్ ఆట. దేశమంతా ఆయనకి వీడ్కోలు చెప్పడానికి టీవీల ముందు కూర్చుంటే చాపెల్ హిల్ కుర్రాళ్లు 94-81తో గెలిచి వచ్చారు. తర్వాత ఎనిమిదో సీడ్‌గా టోర్నమెంట్‌కి వెళ్లారు. మార్కెట్ (Marquette) విశ్వవిద్యాలయ జట్టుని 32 పాయింట్ల తేడాతో కొట్టారు. అంతకుముందు ఏడాది విజేత బేలర్ మీద 25 పాయింట్ల ఆధిక్యం సంపాదించి, దాన్నంతా పోగొట్టుకుని, చివరికి ఓవర్‌టైమ్‌లో నెగ్గారు. యూసీఎల్‌ఏని దాటారు. సెమీఫైనల్లో మళ్లీ డ్యూక్ ఎదురైంది. 81-77. షిషెఫ్‌స్కీ కోచింగ్ జీవితంలో ఆఖరి ఆట అదే. ఫైనల్లో సగం ఆట అయ్యేసరికి కాన్సస్ మీద 40-25 ముందున్నారు. చివరికి 72-69తో ఓడారు. ఒక దశలో కాన్సస్ 16 పాయింట్లు వెనకబడింది, జాతీయ ఫైనల్ చరిత్రలో అంత వెనకబడి గెలిచిన జట్టు ఇంకొకటి లేదు.

ఇప్పుడు ఆ ఏడాది అక్టోబర్‌కి రండి. ఓటు వేసేవాళ్ల కళ్ల ముందు ఏముంటుంది? పిట్స్‌బర్గ్ ఆట ఉండదు. న్యూ ఓర్లీన్స్‌లో ఆడిన ఆ ఫైనల్ ఉంటుంది. పైగా ఫైనల్ ఆడిన ఐదుగురిలో నలుగురు తిరిగి వచ్చారు. బేకాట్, కేలబ్ లవ్, ఆర్‌జే డేవిస్, లీకీ బ్లాక్. 62 మంది ఓటర్లలో 47 మంది ఆ జట్టుకే మొదటి ఓటు వేశారు.

కాస్త ఆగి ఆ ఐదో వాడి గురించి చెప్పాలి, ఎందుకంటే ఈ కథకి కీలు అక్కడే ఉంది. వెళ్లిపోయింది బ్రేడీ మానెక్. ఆరడుగుల తొమ్మిదంగుళాల మనిషి. బుట్ట దగ్గర నిలబడాల్సిన ఎత్తు, కానీ మూడు పాయింట్ల గీత (దాని బయటి నుంచి వేస్తే రెండుకి బదులు మూడు పాయింట్లు) అవతలి నుంచి నూటికి నలభై వేసేవాడు. అంత పొడుగువాడు గీత అవతల నిలబడితే అతన్ని కాచుకోవాల్సిన ప్రత్యర్థి పొడుగువాడు కూడా బుట్ట వదిలి బయటికి రావాలి. వస్తే లోపల ఖాళీ ఏర్పడుతుంది. బేకాట్ ఆ ఖాళీలో ఆడాడు. లవ్, ఆర్‌జే డేవిస్ ఆ ఖాళీలోకే దూసుకెళ్లారు. మానెక్ వెళ్లాక ఆ ఖాళీ మూసుకుపోయింది. నలుగురూ వాళ్లే, ఆట మాత్రం అది కాదు. ఆ ఏడాది జట్టు మొత్తంగా మూడు పాయింట్ల షాట్లు నూటికి 31 చుట్టూ వేసింది. ఆ విశ్వవిద్యాలయ చరిత్రలోనే అట్టడుగు అంకెల్లో అదొకటి. "నలుగురు తిరిగి వస్తున్నారు" అని లెక్కపెట్టేటప్పుడు ఐదుగురూ సమానమనుకుని లెక్కపెడతాం. పోయిన ఆ ఒక్కడు మిగతా నలుగురికీ చోటు చేసిపెట్టినవాడని ఏ పట్టికా చెప్పదు.

థాంక్స్‌గివింగ్ సెలవుల్లో పోర్ట్‌లాండ్ వెళ్లి అయోవా స్టేట్ చేతిలో ఓడారు. అక్కడే అలబామాతో నాలుగు ఓవర్‌టైమ్‌ల ఆట, 103-101 ఓటమి. తర్వాత ఇండియానా, ఆపైన వర్జీనియా టెక్. వరసగా నాలుగు. సీజన్ మొదలైన నెలకే మొదటి స్థానంలో ఉన్న జట్టు పట్టిక బయటికి వెళ్లిపోయింది. 20 గెలుపులు, 13 ఓటములతో సీజన్ ముగిసింది. టోర్నమెంట్‌కి పిలుపు రాలేదు. 1985లో టోర్నమెంట్‌ని 64 జట్లకి పెంచాక, ప్రీసీజన్ మొదటి ర్యాంకు జట్టుకి చోటు దొరక్కపోవడం అదే మొదటిసారి. ఆ వసంతంలో డేవిస్‌ని అనని మాట లేదు. ఇరవై గెలుపులు చాలా విశ్వవిద్యాలయాల్లో పండగ చేసుకునే లెక్క. ఇక్కడ అది అవమానమైంది, ఎందుకంటే అక్టోబర్‌లో ఒకటి అని రాసి పెట్టారు.

మూడో ఏడు చూడండి. కేలబ్ లవ్ అరిజోనాకి వెళ్లిపోయాడు. డేవిస్ నోట్ర డామ్ నుంచి కార్మాక్ రయన్‌ని, స్టాన్‌ఫర్డ్ నుంచి హ్యారిసన్ ఇంగ్రమ్‌ని తెచ్చుకున్నాడు. దెబ్బతిన్న జ్ఞాపకం తాజాగా ఉంది కాబట్టి ఓటర్లు మళ్లీ పంతొమ్మిదో స్థానమే ఇచ్చారు. ఆ జట్టు ఏసీసీలో 17 గెలిచి 3 ఓడింది. కాన్ఫరెన్స్ విజేత అయింది. టోర్నమెంట్‌లో ఒకటో సీడ్ తెచ్చుకుంది. ఆర్‌జే డేవిస్ ఏసీసీలో ఆ ఏటి మేటి ఆటగాడు. మళ్లీ ఆశలు లేచాయి, నాలుగో ఏడు అక్టోబర్‌లో తొమ్మిదో స్థానం వచ్చింది. ఆ జట్టు 23 గెలిచి 14 ఓడింది. క్వాడ్ 1 అని పిలిచే పెద్ద ఆటల్లో టోర్నమెంట్ ఎంపిక నాటికి ఒక్క గెలుపు, పన్నెండు ఓటములు. ఆఖరి చోట్లలో ఒకటి దక్కించుకుని డేటన్ వెళ్లి శాన్ డియాగో స్టేట్‌ని ఓడించి, తర్వాతి ఆటలో ఓల్ మిస్ (మిసిసిపీ విశ్వవిద్యాలయం) చేతిలో ఓడి తిరిగి వచ్చారు.

వరసగా పెట్టి చూడండి. అక్టోబర్ అంకెలు 19, 1, 19, 9. మార్చి ఫలితాలు: ఫైనల్, చోటే లేదు, ఒకటో సీడ్, ఆఖరి చోటు. తక్కువ ఆశించిన రెండేళ్లూ మించిపోయారు. ఎక్కువ ఆశించిన రెండేళ్లూ అందుకోలేదు. తప్పంతా కోచ్‌ది అయితే నాలుగేళ్లూ ఒకే దిక్కుకి తప్పాలి కదా? ఒక ఏడు పైకి, ఒక ఏడు కిందికి ఊగుతోందంటే ఆ ఊపులో సగం మనం పెట్టుకున్న అంకెదే. మంచి మార్చి చూసి అంకె పెంచాం. చెడ్డ మార్చి చూసి తగ్గించాం. జట్టు ఆ రెంటి మధ్య ఎక్కడో నిలబడి తన ఆట తాను ఆడుకుంది.

నాలుగో ఏటి జట్టు గురించి డేవిస్‌కి బాధ్యత లేదని నేను అనను. బుట్ట దగ్గర నిలబడగల పొడుగువాళ్లని ఆ వేసవిలో తెచ్చుకోలేకపోవడం కచ్చితంగా కోచ్ నిర్ణయాల లెక్కలోకే వస్తుంది. విమర్శించాలంటే అది పట్టుకుని విమర్శించాలి. తొమ్మిది అన్నారు, తొమ్మిదిలో లేడు అనేది విమర్శ కాదు.

ఇంత చెప్పాక ఒక మాట ఒప్పుకోవాలి, లేకపోతే నా వాదన మోసం అవుతుంది. ప్రీసీజన్ పోల్ పనికిమాలినదేమీ కాదు. 2010 నుంచి 2025 దాకా పదిహేను టోర్నమెంట్లు జరిగాయి, కోవిడ్ వల్ల 2020లో జరగలేదు. ఆ పదిహేను మంది విజేతల్లో తొమ్మిది జట్లు అక్టోబర్‌లో మొదటి ఆరు స్థానాల్లో ఉన్నవే. 360 జట్ల గుంపులోంచి, ఒక్క ఆట చూడకుండా, ఆరు పేర్లలో విజేతని పట్టుకోవడం చిన్న సంగతి కాదు. అరవై మంది విడివిడిగా ఆలోచించి చెప్పిన మాటని కలిపితే దానికి ఒక తెలివి వస్తుంది. ఫైవ్‌థర్టీఎయిట్ అనే గణాంకాల వెబ్‌సైట్ వాళ్లు మార్చిలో టోర్నమెంట్ అంచనాలు వేసినప్పుడు కూడా అక్టోబర్ ర్యాంకుల్ని లెక్కలో కలుపుకునేవారు. నాలుగు నెలల ఆటలు చూశాక కూడా అందులో కొంత సమాచారం మిగిలే ఉంటుందన్నమాట.

కానీ అవే పదిహేను టోర్నమెంట్లలో అక్టోబర్‌లో మొదటి స్థానంలో ఉన్న జట్టు ఒక్కసారి కూడా గెలవలేదు. ఒక్కసారి కూడా. ఆఖరిసారి అలా గెలిచింది 2009లో, మళ్లీ మన చాపెల్ హిల్ జట్టే. 2015లో కెంటకీ 38 ఆటలు వరసగా గెలిచి సెమీఫైనల్లో విస్కాన్సిన్ చేతిలో ఓడింది. 2021లో గొంజాగా ఒక్క ఓటమీ లేకుండా ఫైనల్ దాకా వచ్చి బేలర్ చేతిలో 86-70తో కూలింది. కాన్సస్‌ని 2023లోనూ 2024లోనూ అక్టోబర్‌లో మొదటి స్థానంలో పెట్టారు. మొదటిసారి రెండో రౌండులో పోయింది, రెండోసారి మొదటి రౌండులోనే పోయింది. ఆ కోచ్ బిల్ సెల్ఫ్ రెండు జాతీయ టైటిళ్లు గెలిచిన మనిషి. ఆయనకి ఆట రాదని ఎవరైనా అంటారా?

దీని వెనక లెక్క చాలా చిన్నది. పెద్ద జట్టు టైటిల్ గెలవాలంటే వరసగా ఆరు ఆటలు గెలవాలి. ఒక్కో ఆటలో గెలిచే అవకాశం నూటికి ఎనభై అనుకుందాం, అది చాలా ఉదారమైన అంచనా. ఎనభై శాతాన్ని ఆరుసార్లు గుణించండి. నూటికి ఇరవై ఆరు వస్తుంది. దేశంలోకెల్లా మంచి జట్టు కూడా నాలుగేళ్లలో మూడేళ్లు ఓడిపోతుంది, అందులో ఎవరి తప్పూ ఉండదు. మనం మాత్రం "మొదటి స్థానం" అని చదివి "గెలుస్తుంది" అని వింటాం.

కెన్ పామెరాయ్ అని ఒకాయన ఉన్నారు. వాతావరణ శాస్త్రం చదివిన మనిషి. ప్రతి జట్టూ బంతి చేతికొచ్చిన వంద సార్లకి ఎన్ని పాయింట్లు చేస్తుంది, ఎన్ని ఇస్తుంది అని, ఎదుటి జట్టు బలాన్ని కూడా సర్దుబాటు చేసి లెక్క కడతారు. ఆయన కూడా సీజన్‌కి ముందు అంచనా ఇస్తారు. ఆటలు జరిగేకొద్దీ ఆ మొదటి అంచనా బరువు తగ్గిస్తూ పోతారు. నాకు ఆ పద్ధతి మీద చాలా గౌరవం. అక్టోబర్‌లో అనుకున్నది జనవరికి కరిగిపోవాలి. మన మనసుల్లో అది కరగదు. మార్చిలో కోచ్‌ని తిట్టేటప్పుడు కూడా అక్టోబర్ అంకెనే ఎత్తి చూపిస్తాం.

ఈ మధ్య ఆ అంకె ఇంకా బలహీనపడింది. 2018 అక్టోబర్‌లో ట్రాన్స్‌ఫర్ పోర్టల్, అంటే కాలేజీ మారాలనుకునే ఆటగాళ్లు పేరు నమోదు చేసుకునే జాబితా, వచ్చింది. 2021 నుంచి ఒకసారి కాలేజీ మారితే ఏడాది కూర్చోకుండా వెంటనే ఆడొచ్చన్నారు. 2024 నుంచి ఎన్నిసార్లు మారినా ఆడొచ్చన్నారు. 2021 జులై నుంచి ఆటగాళ్లు తమ పేరు మీద డబ్బు సంపాదించుకోవచ్చు. ఈ ఏడాది జూన్‌లో కోర్టు ఒప్పందం ఖాయమయ్యాక విశ్వవిద్యాలయాలే అన్ని ఆటలకీ కలిపి ఏటా సుమారు 2 కోట్ల 5 లక్షల డాలర్ల దాకా ఆటగాళ్లకి పంచొచ్చు. ఆటగాళ్లకి వాళ్ల కష్టానికి తగ్గ డబ్బు రావడం నాకు సంతోషమే, అది ఎప్పుడో రావలసింది. కానీ అంచనాలు వేసేవాళ్ల కాళ్ల కింద నేల కదిలింది. చాపెల్ హిల్ జట్టునే చూడండి. నిరుడు ఎక్కువసేపు ఆడినవాళ్లలో తిరిగి వచ్చింది సెత్ ట్రింబుల్ ఒక్కడే. అరిజోనా నుంచి హెన్రీ వెసార్, కొలరాడో స్టేట్ నుంచి కయన్ ఎవన్స్, అలబామా నుంచి జారిన్ స్టీవెన్సన్ వచ్చారు. హైస్కూలు నుంచి కేలబ్ విల్సన్ వచ్చాడు, దేశంలో మొదటి పది మంది కొత్త కుర్రాళ్లలో ఒకడు. జట్టు కూర్పు చూసుకోవడానికి ఏజెంటుగా పనిచేసిన జిమ్ టానర్‌ని జనరల్ మేనేజర్‌గా పెట్టుకున్నారు. వీళ్లంతా కలిసి ఎలా ఆడతారో వాళ్ల కోచ్‌కే ఇంకా పూర్తిగా తెలియని సమయంలో పట్టికలో ఇరవై ఐదు అని పడింది. పద్నాలుగు అన్నా, లేదన్నా నేను ఆశ్చర్యపోయేవాణ్ణి కాదు.

ఇటువంటి అనిశ్చితి ఎంత దూరం పోతుందో కనెక్టికట్ చూపించింది. 2022 అక్టోబర్‌లో పాతిక జట్లలో దాని పేరు లేదు. 2023 ఏప్రిల్‌లో విజేత అదే. మరుసటి ఏడు ఆరో స్థానం ఇచ్చారు, మళ్లీ గెలిచింది. మూడో ఏడు మూడో స్థానం ఇస్తే నవంబర్‌లో మావీ దీవిలో మూడు రోజుల్లో మూడు ఆటలు ఓడింది. ముగ్గురు వేరే వేరే కోచ్‌లు కాదు. మూడేళ్లూ డాన్ హర్లీయే. ఆ మూడో ఏడు టైటిల్ గెలిచిన ఫ్లోరిడాకి అక్టోబర్‌లో ఇచ్చిన స్థానం ఇరవై ఒకటి.

మహిళల ఆటలోంచి ఒక్కటి చెప్పకుండా ఉండలేను. 2023 అక్టోబర్‌లో ఎల్‌ఎస్‌యూకి (లూసియానా స్టేట్) మొదటి స్థానం. అంతకు ముందటి విజేత, పైగా పెద్ద పెద్ద పేర్లు కొత్తగా చేరాయి. మొదటి ఆటలోనే కొలరాడో 92-78తో ఓడించింది. అదే పట్టికలో సౌత్ కరోలినాకి ఆరో స్థానం, ఎందుకంటే మొదటి ఐదుగురూ వెళ్లిపోయారు. వాళ్ల కోచ్ డాన్ స్టేలీ ఆ ఏడాది ఒక్క ఆట కూడా ఓడలేదు. 38 ఆడి 38 గెలిచింది. వెళ్లిపోయినవాళ్ల పేర్లు అందరికీ తెలుసు. బెంచి మీద కూర్చుని రెండేళ్లుగా పదునెక్కుతున్న అమ్మాయిలు ఆమెకి తెలుసు. కోచింగ్ అంటే నా దృష్టిలో అదీ. ఆ పని ఏ ర్యాంకులోనూ కనపడదు.

ఇక ఉద్యోగాల సంగతి. రాలీలో జరిగింది మీలో చాలామంది కళ్లారా చూశారు. 2024 మార్చిలో ఎన్‌సీ స్టేట్ మామూలు సీజన్‌ని 17-14తో ముగించి ఏసీసీ టోర్నమెంట్‌కి పదో సీడ్‌గా వెళ్లింది. ఐదు రోజుల్లో ఐదు ఆటలు గెలిచి, ఫైనల్లో చాపెల్ హిల్‌ని ఓడించి కప్పు తెచ్చింది. 1987 తర్వాత ఆ కప్పు రాలీకి రావడం అదే. మధ్యలో వర్జీనియాతో సెమీఫైనల్లో ఆఖరి క్షణంలో మైకెల్ ఓకానెల్ వేసిన మూడు పాయింట్ల షాట్ బోర్డుకి తగిలి లోపల పడకపోతే ఆ కథే లేదు. అక్కడి నుంచి జాతీయ టోర్నమెంట్‌లో డ్యూక్‌ని ఓడించి ఫైనల్ ఫోర్, అంటే సెమీఫైనల్, దాకా వెళ్లారు. 1983 తర్వాత మొదటిసారి. కోచ్ కెవిన్ కీట్స్ ఊరికి దేవుడయ్యాడు. మరుసటి ఏడు 12 గెలిచి 19 ఓడారు. 2025 మార్చిలో ఆయన్ని తీసేశారు. కప్పు తెచ్చిన ఏడాదికి. 12-19 మంచి లెక్క అని నేను అనడం లేదు. కానీ ఆ ఓకానెల్ షాట్ పడకపోతే బహుశా ఏడాది ముందే తీసేసేవారు. పడింది కాబట్టి ఆశ ఆకాశానికి వెళ్లింది, అందుకోలేకపోయేసరికి కోపమూ అంతే ఎత్తు నుంచి పడింది. ఈ రెండు నిర్ణయాల మధ్య ఆ మనిషి కోచింగ్ ఎంత మారి ఉంటుంది?

కెంటకీలో కోచ్ జాన్ కాలిపారి సంగతి కొంచెం వేరు. 2022లో రెండో సీడ్‌గా వెళ్లి పదిహేనో సీడ్ సెయింట్ పీటర్స్ చేతిలో, 2024లో ఓక్లండ్ చేతిలో మొదటి ఆటలోనే ఓడారు. తీసేయాలంటే విశ్వవిద్యాలయం ఆయనకి దాదాపు 3 కోట్ల 30 లక్షల డాలర్లు కట్టాలి. చివరికి ఆయనే ఆర్కన్సా వెళ్లిపోయారు. ఏటా దేశంలోకెల్లా మంచి హైస్కూలు కుర్రాళ్లని తెచ్చే కోచ్ మీద అంచనా ఏటా ఆకాశంలోనే ఉంటుంది. ఆయన విషయంలో అసంతృప్తికి కొంత న్యాయం ఉందనే నేను అనుకుంటాను. ఎందుకంటే అది ఒక ఏటి అంకె గురించి కాదు. నాలుగేళ్లు వరసగా మార్చిలో నిరాశే మిగిలింది.

ఓపిక గురించి మాట్లాడాలంటే ఈ నేల మీదే మాట్లాడాలి. డీన్ స్మిత్ 1961లో చాపెల్ హిల్ కోచ్ అయ్యారు. 1965 జనవరిలో వేక్ ఫారెస్ట్ చేతిలో ఓడి బస్సులో తిరిగి వస్తే క్యాంపస్‌లో విద్యార్థులు ఆయన దిష్టిబొమ్మని ఉరి తీసి వేలాడదీశారు. ఆయన మొదటి జాతీయ టైటిల్ 1982లో వచ్చింది. రిటైరయ్యే నాటికి 879 గెలుపులు. డర్హమ్‌లో షిషెఫ్‌స్కీ 1980లో వచ్చారు. మూడేళ్లు గడిచేసరికి ఆయన లెక్క 38 గెలుపులు, 47 ఓటములు. మూడో ఏడాది ఏసీసీ టోర్నమెంట్‌లో వర్జీనియా 109-66తో ఓడించింది. తీసేయమని దాతలు పట్టుబట్టారు. అథ్లెటిక్ డైరెక్టర్ టామ్ బటర్స్ తియ్యలేదు, 1984లో కాంట్రాక్టు పొడిగించారు. తర్వాత ఐదు జాతీయ టైటిళ్లు వచ్చాయి, కోచింగ్ జీవితం మొత్తం మీద 1,202 గెలుపులు. ఇవాళ్టి లెక్కల ప్రకారం ఆ ఇద్దరూ నాలుగో ఏడు చూసి ఉండేవారు కాదు.

ఇద్దరికీ దొరికిన ఆ అవకాశం మన కాలంలో వర్జీనియా కోచ్ టోనీ బెన్నెట్‌కి దొరికింది. 2018లో వర్జీనియా దేశంలో మొదటి సీడ్. షార్లెట్‌లో, అంటే మన రాష్ట్రంలోనే, పదహారో సీడ్ యూఎంబీసీ చేతిలో 74-54తో ఓడింది. మన తెలుగు విద్యార్థులు ఎందరో మాస్టర్స్ చేసిన విశ్వవిద్యాలయం యూఎంబీసీ. పురుషుల టోర్నమెంట్‌లో ఒకటో సీడ్ పదహారో సీడ్‌కి ఓడటం చరిత్రలో అదే మొదలు. ఏడాది తిరిగేసరికి అదే కోచ్, చాలావరకు అదే కుర్రాళ్లు మినియాపొలిస్‌లో టైటిల్ గెలిచారు. పర్‌డ్యూ కూడా 2023లో పదహారో సీడ్ ఫెయిర్లీ డికిన్సన్‌కి ఓడి, 2024లో ఫైనల్ ఆడింది. కోచ్ మ్యాట్ పెయింటర్‌ని వాళ్లు కదిలించలేదు. ఇవాళ పట్టికలో మొదటి స్థానం ఆయన జట్టుదే. ఈ మొదటి స్థానం మీద నాకు కొంత నమ్మకం ఉంది. బ్రేడెన్ స్మిత్, ఫ్లెచర్ లోయర్, ట్రే కాఫ్‌మన్-రెన్ ముగ్గురూ ఏళ్లుగా ఒకే చోట కలిసి ఆడుతున్నవాళ్లు, పోర్టల్ కాలంలో అది అరుదు. అయినా నూటికి ఇరవై ఆరు లెక్క వాళ్లకీ వర్తిస్తుంది.

మరి కోచ్‌ని దేనితో తూచాలి అని మీరు అడుగుతారు. నేను చూసేవి చెప్తాను. నవంబర్‌లో ఆడిన జట్టుకీ ఫిబ్రవరిలో ఆడిన జట్టుకీ తేడా ఉందా? రెండో ఏడాది కుర్రాడు మొదటి ఏడాది కన్నా మెరుగయ్యాడా? గాయాలు తగిలినప్పుడు ఆట పద్ధతి మార్చుకున్నారా, లేక పాతదే మొండిగా ఆడారా? మంచి జట్లతో దగ్గరి తేడాతో ఓడుతున్నారా, కుప్పకూలుతున్నారా? రెండు మూడేళ్లు వరసగా వీటికి సమాధానం చెడ్డగా ఉంటే మార్చమనే హక్కు అభిమానులకి ఉంది. నేనూ గొంతు కలుపుతాను.

నవంబర్ 7న కాన్సస్ చాపెల్ హిల్‌కి వస్తోంది. పట్టికలో వాళ్లది పంతొమ్మిది, మనవాళ్లది ఇరవై ఐదు. ఆ రాత్రి మీరు ఆట చూస్తే స్కోరుతో పాటు ఒక సంగతి గమనించండి. వెసార్ ఏడడుగుల మనిషి, దూరం నుంచి షాట్ వేయగలడు. అతను గీత అవతలికి వచ్చినప్పుడు కాన్సస్ పొడుగువాడు వెంట వస్తున్నాడా, బుట్ట దగ్గరే ఉండిపోతున్నాడా చూడండి. వెంట వస్తే ట్రింబుల్, విల్సన్‌లకి లోపలికి దారి దొరుకుతుంది. రాకపోతే వెసార్ ఆ షాట్లు వేయాలి, పడాలి. మానెక్ వెళ్లాక జట్టు పోగొట్టుకున్నది తిరిగి వచ్చిందో లేదో మొదటి పదిహేను నిమిషాల్లోనే కొంత తెలిసిపోతుంది.

ఇక మీ ప్రశ్నలు అడగండి.